నాలుగు, నాలుగు, ఎనిమిది: పాత గేమింగ్ కంప్యూటర్‌లో జోడీ కాని ర్యామ్

మా ఇంట్లో ఉన్న గేమింగ్ కంప్యూటర్ 2015లో మా తమ్ముడు బీటెక్ చదివేటప్పుడు అసెంబుల్ చేయించుకున్నది. ఇంటెల్ ఐ5-4460 ప్రాసెసర్, బీ85 మదర్‌బోర్డు, జీటీఎక్స్ 750 టీఐ గ్రాఫిక్స్ కార్డు, ఒక టెరాబైట్ హార్డ్ డిస్క్. మొదట 4 జీబీ ర్యామ్ ఉండేది. తర్వాత ఇంకో 4 జీబీ వేశాడు, అది వేరే కంపెనీది. ఉద్యోగానికి పుణె వెళ్తూ దాన్ని నాకు వదిలేశాడు. వాడు దాని మీద ఆడింది జీటీఏ ఫైవ్. దానికి కంపెనీ సిఫారసు చేసిన ర్యామ్ 8 జీబీ కాబట్టి వాడికి ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. నేను ఆడేది సిటీస్ స్కైలైన్స్, ఊళ్లు కట్టే ఆట. అక్కడే వచ్చింది చిక్కంతా.

నేను కాకినాడలో పాలిటెక్నిక్ పిల్లలకి సివిల్ పాఠాలు చెబుతాను. రోడ్డు వెడల్పు, డ్రెయిన్ వాలు, నీళ్ల పైపు సైజు, పగలంతా ఇవే. రాత్రి కూడా అవే కావాలనిపిస్తుంది నాకు, అందుకే ఆ ఆట. సముద్రం పక్కన ఒక ఊరు కడుతున్నాను: ఒక పోర్టు, పోర్టుకి వెళ్లే రైలు లైను, గళ్లు గళ్లుగా వీధులు, పాత పేటల్లో ఇరుకు సందులు. ఆటతో పాటు వచ్చే బిల్డింగులు అమెరికా ఊళ్లలా ఉంటాయి. మన ఊరి పోలిక రావాలంటే వేరే ఆటగాళ్లు తయారుచేసి ఉచితంగా పెట్టిన ఇళ్లు, కొబ్బరిచెట్లు, బస్సులు, వాటర్ ట్యాంకులు దించుకోవాలి. ఒక్కొక్కటీ చిన్నదే. అన్నీ కలిసి ఆట మొదలయ్యేటప్పుడు ర్యామ్‌లోకి ఎక్కుతాయి, ఊళ్లో వాడినవీ వాడనివీ కూడా. వాడనివి ఎక్కకుండా ఆపే మోడ్ (ఆటకి అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాం) ఒకటి ఉంది, అదీ పెట్టాను. అయినా నా ఊరు తెరిస్తే 8 జీబీ చాలదు.

చాలకపోతే ఏమవుతుందో టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టుకుని చూస్తే స్పష్టంగా తెలుస్తుంది. మెమరీ గీత పైకి వెళ్లి అంచుకి ఆనుకుంటుంది. అప్పుడు డిస్క్ గీత లేచి 100 శాతం దగ్గర నిలబడుతుంది. ర్యామ్‌లో చోటు లేక విండోస్ కొంత సరుకుని హార్డ్ డిస్క్ మీద పేజ్ ఫైల్‌లోకి తోస్తుంది, మళ్లీ అవసరమైనప్పుడు వెనక్కి తెస్తుంది. కెమెరాని పోర్టు వైపు తిప్పితే బొమ్మ ఆగిపోతుంది, క్యాబినెట్ ముందున్న ఎర్ర లైటు ఆగకుండా వెలుగుతుంది, కాసేపటికి క్రేన్లు కనిపిస్తాయి. ఫ్లైఓవర్ ర్యాంపు ఒకటి గీద్దామని మౌస్ లాగితే లాగినచోట కాకుండా ఎక్కడో పడుతుంది. దీన్ని అందరూ ల్యాగ్ అంటారు, గ్రాఫిక్స్ కార్డు మార్చమంటారు. కార్డుకి దీంతో ఏ సంబంధమూ లేదు.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి, ఎందుకంటే నేను ఈ పోస్టు రాయడానికి అసలు కారణం అదే. ర్యామ్‌లో ఉన్న ఒక ముక్కని ప్రాసెసర్ అడిగితే చేతికి రావడానికి సుమారు 100 నానోసెకన్లు పడుతుంది, ఇంకా తక్కువే పట్టొచ్చు. అదే ముక్క తిరిగే హార్డ్ డిస్క్ మీద ఎక్కడో ఉంటే దాని ముల్లు అక్కడికి కదిలి, ప్లేటు తిరిగి వచ్చేసరికి సుమారు 10 మిల్లీసెకన్లు. అంటే లక్ష రెట్లు తేడా. రెండు రకాల ర్యామ్ కలిపితే స్పీడ్ పడిపోతుందని మనవాళ్లు భయపెడతారే, ఆ పడిపోయేది ఎంతో కింద చెబుతాను. లక్ష రెట్ల ముందు అది లెక్కలోకే రాదు. ర్యామ్ చాలక డిస్క్ మీద పడి కొట్టుకుంటున్న పాత కంప్యూటర్‌కి ముందు కావలసింది చోటు, జోడీ కుదరడం ఆ తర్వాతి మాట. నా అభిప్రాయం ఇది, దీని మీద గట్టిగా నిలబడతాను.

కొత్త కంప్యూటర్ కొనుక్కోవచ్చు కదా అంటారు. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎలా ఎగిశాయో చూసినవాళ్లు ఆ మాట అనరు. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ తయారీదారులు తమ ఉత్పత్తిని అటు మళ్లించారు. మైక్రాన్ కంపెనీ అయితే మనలాంటి మామూలు కొనుగోలుదారులకి క్రూషియల్ పేరుతో అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు డిసెంబర్‌లో ప్రకటించింది. కొత్తగా కడితే ఎక్కువగా డీడీఆర్5 (ర్యామ్‌లో ఐదో తరం) కావాలి, దాని రేటు వింటేనే టెన్షన్. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయిందనీ, నా కంప్యూటర్‌లోని నాలుగో తరం ప్రాసెసర్ విండోస్ 11 జాబితాలో లేదనీ నాకు తెలుసు. అది వేరే పోస్టులో రాస్తాను. నా ఊరు సగంలో ఉంది, అది పూర్తి కావాలి.

నా బోర్డు మీద ర్యామ్ గుచ్చడానికి నాలుగు స్లాట్లు. రెండింటిలో చెరో 4 జీబీ, రెండు ఖాళీ. ఈ తరం ప్రాసెసర్లు ఒక స్లాట్‌కి 8 జీబీ చొప్పున నాలుగు స్లాట్లలో కలిపి 32 జీబీ వరకు తీసుకుంటాయి. అందుకని ఒకే ఒక్క 8 జీబీ ర్యామ్ స్టిక్ (స్లాట్‌లో గుచ్చే పట్టీ) సెకండ్ హ్యాండ్‌లో కొందామనుకున్నాను. మొత్తం 16 అవుతుంది.

కొనడానికి ముందు క్యాబినెట్ తెరిచి పాత స్టిక్కుల మీద లేబుళ్లు చదివాను. ర్యామ్ విషయంలో కంపెనీ పేరు కంటే ఆ చిన్న తెల్ల కాగితం మీద ఉన్న వరుసే ముఖ్యం. మొదటి దాని మీద 4జీబీ 2ఆర్×8 పీసీ3-10600యూ-9 అని ఉంది. రెండో దాని మీద 4జీబీ 1ఆర్×8 పీసీ3-10600యూ-9. పీసీ3 అంటే డీడీఆర్3. పీసీ3ఎల్ అని ఉంటే తక్కువ వోల్టేజీది, 1.5 బదులు 1.35 వోల్టులతో కూడా నడుస్తుంది. 10600 అంటే సెకనుకి అన్ని మెగాబైట్లు ఇవ్వగలదని, మనం వాడుకలో 1333 స్పీడ్ అనేది ఇదే. 1600 స్పీడ్‌ది అయితే 12800 అని ఉంటుంది. ఆ తర్వాత వచ్చే యూ అక్షరం చాలా ముఖ్యం. అది మామూలు డెస్క్‌టాప్ ర్యామ్ అని చెబుతుంది. అక్కడ ఆర్ ఉంటే సర్వర్‌ది, ఎస్ ఉంటే ల్యాప్‌టాప్‌ది. చివరి 9 అనేది సీఎల్, అంటే అడిగాక ఎన్ని క్లాకులకి (ర్యామ్ తాళంలో ఒక్కో దెబ్బ ఒక క్లాకు) జవాబిస్తుందని. ఇక 2ఆర్×8, 1ఆర్×8 అన్నచోట ముందు అంకె ఆ స్టిక్ మీద చిప్పులు ఎన్ని గుంపులుగా ఉన్నాయో, వెనక అంకె ఒక్కో చిప్పు ఎన్ని బిట్ల వెడల్పో చెబుతుంది.

ఈ వెనక అంకె దగ్గరే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. ఆన్‌లైన్‌లో 8 జీబీ డీడీఆర్3 బాగా చవకగా దొరుకుతుంది. కింద ఎక్కడో చిన్న అక్షరాలతో ఏఎండీకి మాత్రమే అని ఉంటుంది, అంటే ఇంటెల్‌కి పోటీ కంపెనీ ప్రాసెసర్లకి. వాటిలో 4 బిట్ల వెడల్పు చిప్పులు వాడతారు. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలోని మెమరీ కంట్రోలర్ (ర్యామ్‌ని నడిపే భాగం) 8 బిట్ల చిప్పుల్నీ, 16 బిట్ల చిప్పుల్నీ తీసుకుంటుంది, 4 బిట్లవి తీసుకోదు. స్టిక్ స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది, డిస్‌ప్లే మాత్రం రాదు. రెండు రకాల ర్యామ్ కలిపితే పడలేదు అని చెప్పే కథల్లో కొన్నింటికి అసలు కారణం ఇదే.

మెయిన్ రోడ్డు దగ్గర సెకండ్ హ్యాండ్ పార్టులు అమ్మే ఒక చిన్న షాపుకి వెళ్లాను. కౌంటర్ వెనక కుర్రాడు ఒక ప్లాస్టిక్ డబ్బా తీసి ముందు పెట్టాడు. దాన్నిండా స్టిక్కులే.

"ఏ బోర్డండి మేడమ్?"

"బీ85 బాబూ. 8 జీబీ డీడీఆర్3 ఒక్కటి కావాలి. మామూలు డెస్క్‌టాప్‌ది, 8 బిట్ల చిప్పులది."

"లోపల ఇప్పుడేముందండి?"

"4 జీబీవి రెండు. రెండూ వేరే వేరే కంపెనీలవి."

"అయితే అవి రెండూ తీసేసి, 8 జీబీవి ఒకే కంపెనీవి రెండు తీసుకోండి మేడమ్. కలగాపులగంగా వేస్తే పడదండి. చాలామంది తీసుకెళ్లి మళ్లీ తెచ్చిచ్చేశారు."

"పడకపోతే నేనూ తెచ్చిస్తాను, తీసుకుంటావా?"

"వారం లోపల తెండి, మార్చి ఇస్తానండి. డబ్బులు మాత్రం ఇవ్వలేనండి."

ఆ మాట చాలనుకున్నాను. డబ్బాలో మొదట చేతికి వచ్చింది బాగా శుభ్రంగా, కొత్తదానిలా ఉంది. కానీ లేబుల్ మీద 12800 తర్వాత ఆర్ అక్షరం ఉంది, మధ్యలో మిగతా చిప్పులకి వేరుగా ఇంకో చిన్న చిప్పు ఉంది. "ఇది సర్వర్‌ది బాబూ" అని పక్కన పెడితే, "అవునండి, ఒక లాట్‌లో కలిసొచ్చాయండి, వేరు చెయ్యలేదు" అన్నాడు. ఇంకాస్త వెతికితే కావలసింది దొరికింది: 8జీబీ 2ఆర్×8 పీసీ3-12800యూ-11. ఒక మూల లేబుల్ కొంచెం లేచింది. బంగారు రంగు కాళ్ల మీద గీతలున్నాయి గానీ నల్లబడలేదు. 1,100 రూపాయలు ఇచ్చి తెచ్చుకున్నాను.

ఇప్పుడు అసలు విషయం, స్లాట్లు. దీని గురించి తెలుగులో ఎవరూ వివరంగా రాసినట్టు నా కంట పడలేదు కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను.

ఈ ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య రెండు దారులున్నాయి. వాటినే ఛానెల్ ఏ, ఛానెల్ బీ అంటారు. ఒక్కొక్కటి 64 బిట్ల వెడల్పు. రెండూ ఒకేసారి పనిచేస్తే డ్యూయల్ ఛానెల్. 1333 స్పీడ్‌లో ఒక దారి సెకనుకి 10.6 జీబీ మోస్తే రెండూ కలిసి 21.3 జీబీ మోస్తాయి. నాలుగు స్లాట్లలో రెండు ఏ ఛానెల్‌వి, రెండు బీ ఛానెల్‌వి. అందరూ నమ్మేది ఏమిటంటే, డ్యూయల్ ఛానెల్ రావాలంటే అచ్చం ఒకేలాంటి స్టిక్కులు జతగా ఉండాలని. ఇంటెల్ ప్రాసెసర్ అంత పట్టింపుగా ఉండదు. అది చూసేది ఏ వైపు మొత్తం ఎంత, బీ వైపు మొత్తం ఎంత అని. రెండు వైపులా మొత్తం సమానమైతే చాలు, ఆ మొత్తం ఒక స్టిక్‌తో వచ్చిందా రెండింటితో వచ్చిందా అన్నది దానికి అనవసరం.

అంటే నా దగ్గరున్న 4, 4, 8 ఒక చక్కటి లెక్క. రెండు 4 జీబీల్ని ఏ ఛానెల్‌లో పెట్టి, 8 జీబీని ఒంటరిగా బీ ఛానెల్‌లో పెడితే అటు 8, ఇటు 8. మూడు స్టిక్కులతో, అందులో ఏ రెండూ ఒకలాంటివి కాకుండానే, పూర్తి 16 జీబీ డ్యూయల్ ఛానెల్‌లో నడుస్తుంది.

ఒకవేళ పాతవాటిని ఉన్నచోటే ఉంచి, చెరో ఛానెల్‌లో ఒక్కొక్కటిగా, 8 జీబీని ఖాళీ స్లాట్‌లో గుచ్చేసి ఉంటే? అప్పుడు ఒక వైపు 12, ఇంకో వైపు 4. అలాంటప్పుడు ఇంటెల్ ఫ్లెక్స్ మోడ్ అనే పద్ధతి పనిచేస్తుంది. రెండు వైపులా సమానంగా దొరికిన 4, 4 కలిపి 8 జీబీ వరకు డ్యూయల్‌గా, మిగిలిన 8 జీబీ సింగిల్‌గా నడుస్తాయి. కంప్యూటర్ ఆగదు, కానీ సగం ర్యామ్ ఒంటి దారిలో వెళ్తుంది. రెండే స్లాట్లున్న హెచ్81 లాంటి బోర్డుల్లో 4 పక్కన 8 పెట్టినా ఇంతే: 8 జీబీ డ్యూయల్, 4 జీబీ సింగిల్. అది కూడా 4, 4 పెట్టుకుని డిస్క్ మీద కొట్టుకోవడం కంటే ఎంతో మేలు.

స్లాట్ల రంగు చూసి నిర్ణయించకండి. ఒక కంపెనీ ఒకే ఛానెల్ స్లాట్లకి ఒకే రంగు వేస్తుంది, ఇంకో కంపెనీ వేర్వేరు ఛానెళ్ల జతకి ఒకే రంగు వేస్తుంది. స్లాట్ చివర బోర్డు మీద చిన్న తెల్ల అక్షరాలతో ఏ1, ఏ2, బీ1, బీ2 అని ఉంటుంది. ఫోన్ టార్చి వేసి అది చదవండి. నా బోర్డు మీద ఏ1, ఏ2 పక్కపక్కన, బీ1, బీ2 పక్కపక్కన ఉన్నాయి.

పవర్ కేబుల్ తీసేసి, పవర్ బటన్ కొద్దిసేపు నొక్కి పట్టుకున్నాను, లోపల మిగిలిన కరెంటు పోవడానికి. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ముట్టుకుని, అప్పుడు స్టిక్కులు తీశాను. మాది సముద్రం గాలి తగిలే ఇల్లు. ఇక్కడ ఏ లోహమూ మెరుపుతో ఎక్కువ కాలం ఉండదు. పాత స్టిక్కుల కాళ్ల మీద సన్నటి మసక పొర ఉంది. చాలామంది పెన్సిల్ రబ్బరుతో గట్టిగా రుద్దుతారు. ఆ బంగారు పూత చాలా పల్చన, గట్టిగా రుద్దితే అదే పోతుంది. నేను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి గుడ్డతో తుడిచాను. స్లాట్లలోని దుమ్ము పెయింట్ బ్రష్‌తో దులిపాను. తర్వాత గాడి చూసుకుని, రెండు బొటనవేళ్లతో రెండు చివర్లా సమానంగా నొక్కితే పక్కనున్న క్లిప్పులు వాటంతట అవే టక్కుమని మూసుకున్నాయి. క్లిప్పు మూసుకోకపోతే స్టిక్ పూర్తిగా కూర్చోలేదని అర్థం.

ఆన్ చేస్తే మొదట ఫ్యాన్లు తిరిగి ఆగిపోయాయి, మళ్లీ తిరిగాయి. కొత్త ర్యామ్ కనిపించినప్పుడు బోర్డు కొత్తగా సరిచూసుకోవడానికి ఇలా చేస్తుంది, కంగారుపడి స్విచ్ ఆపేయకూడదు. కాసేపటికి డిస్‌ప్లే వచ్చింది. బయోస్‌లో (విండోస్ కంటే ముందే తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో) 16384 ఎంబీ, అంటే 16 జీబీ, 1333 అని చూపించింది. ఒక్కో స్టిక్ మీద ఎస్‌పీడీ అనే బుల్లి చిప్పు ఉంటుంది, ఆ స్టిక్ ఏ స్పీడ్‌లో ఎంత వ్యవధిలో పనిచేయగలదో అందులో రాసి ఉంటుంది. బోర్డు మూడింటివీ చదివి, మూడూ చేయగలిగిన స్పీడ్‌కి దిగుతుంది. కలిసి నడిచేవాళ్లలో నెమ్మదిగా నడిచేవాళ్ల అడుగే అందరి అడుగు అయినట్టు, నా 1600 స్టిక్ కూడా 1333కే వచ్చింది.

దీనివల్ల పోయిందెంత? రెండు దారులూ కలిపి సెకనుకి 25.6 జీబీ రావలసింది 21.3 జీబీ వస్తోంది. ఆరో వంతు తగ్గింది. అడిగాక జవాబు రావడానికి పట్టే టైమ్ మాత్రం పెరగనే లేదు: 1600 దగ్గర సీఎల్ 11 అంటే 13.75 నానోసెకన్లు, 1333 దగ్గర సీఎల్ 9 అంటే 13.5 నానోసెకన్లు. రెండూ ఒకటే అనుకోవచ్చు. ఈ ఆరో వంతుని ఆ లక్ష రెట్ల పక్కన పెట్టి చూసుకోండి.

విండోస్‌లోకి వెళ్లి, లోపలి భాగాల వివరాలు చూపించే సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాం తెరిస్తే మెమరీ పేజీలో ఛానెల్ దగ్గర డ్యూయల్ అని ఉంది, ఫ్రీక్వెన్సీ 665 అని చూపించింది. అది చూసి సగం స్పీడే వస్తోందనుకోవద్దు. డీడీఆర్ అంటేనే ఒక క్లాకుకి రెండుసార్లు పంపేది, 665ని రెండింతలు చేస్తే 1333 దగ్గరికి వస్తుంది. ఆ స్క్రీన్ ఫోటో తీసి తమ్ముడికి పంపాను. వెంటనే ఫోన్ చేశాడు.

"అక్కా, మూడు స్టిక్కులకి డ్యూయల్ ఎలా చూపిస్తోంది? ఫొటో పాతదా?"

"కింద సైజ్ చూడరా, 16 ఉంది కదా. నీ రెండూ ఒక వైపు, కొత్తది ఒక వైపు."

"నేనింత కాలం జతే కావాలనుకున్నాను. సరే గానీ మెమ్‌టెస్ట్ వేశావా?"

"రాత్రికి వేస్తాను."

"అది వెయ్యకుండా ఊరు మాత్రం తెరవకక్కా. సేవ్ పాడైతే ఏడుస్తావ్."

వాడు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ర్యామ్ తప్పుగా గుర్తుపెట్టుకుంటే ఆట మూసుకుపోవడంతో ఆగదు. తప్పు అంకె సేవ్ ఫైల్‌లోకి వెళ్లి కూర్చుంటుంది, ఎన్నో రోజుల తర్వాత బయటపడుతుంది. మెమ్‌టెస్ట్86+ ఉచితం. పెన్‌డ్రైవ్‌లో వేసి దానితోనే కంప్యూటర్ స్టార్ట్ చేయాలి. ర్యామ్‌లోని ప్రతి గదిలోనూ రకరకాల అంకెలు రాసి, మళ్లీ చదివి, సరిపోతున్నాయో లేదో చూస్తుంది.

మొదటి పాస్ (మొత్తం ర్యామ్‌ని ఒక చుట్టు పరీక్షించడం) పూర్తి కాకుండానే తప్పులు చూపే ఎర్ర గీతలు వచ్చాయి.

షాపు కుర్రాడు చెప్పింది ఇదే అయ్యుంటుంది. ఈ దశలో చాలామంది స్టిక్ వెనక్కి ఇచ్చేస్తారు, కలిపితే పడదని తీర్మానించుకుంటారు. కానీ ఏది పడలేదో తెలుసుకోకుండా తీర్మానం ఎలా చేస్తాం? క్లాసులో పిల్లలకి కాంక్రీటు క్యూబ్ పగిలితే ముందు దేనివల్ల పగిలిందో చూడమంటాను, సిమెంటుని తిట్టొద్దంటాను. కొత్త 8 జీబీ ఒక్కటే పెట్టి నడిపాను, శుభ్రం. పాతవి ఒక్కొక్కటే పెట్టి నడిపాను, అవీ శుభ్రం. అన్నీ మంచివే. అప్పుడు రెండు పాతవాటినీ ఏ ఛానెల్‌లో కలిపి పెట్టి నడిపితే ఎర్ర గీతలు మళ్లీ వచ్చాయి.

అదీ సంగతి. ఆ రెండు 4 జీబీలూ ఇన్నేళ్లుగా ఒకే కంప్యూటర్‌లో ఉన్నా, ఎప్పుడూ చెరో ఛానెల్‌లోనే ఉన్నాయి. ఒకే దారిని పంచుకోవలసి రావడం ఇదే మొదలు. ఒకే ఛానెల్‌లో ఉన్న స్టిక్కులకి ఆజ్ఞలు, చిరునామాలు మోసే తీగలు ఉమ్మడిగా ఉంటాయి. ఆ తీగల మీద చిప్పులు ఎక్కువైతే బరువు పెరుగుతుంది, సిగ్నల్ స్థిరపడటానికి కొంచెం ఎక్కువ టైమ్ కావాలి. నా ఏ ఛానెల్‌లో ఒకటి రెండు గుంపులది, ఒకటి ఒక గుంపుది. మొత్తం మూడు గుంపులు, రెండు కంపెనీలు. బోర్డు మాత్రం కమాండ్ రేట్‌ని 1 దగ్గరే పెట్టుకుంది, అంటే ఆజ్ఞ ఒక్క క్లాకులోనే అందాలని.

బయోస్‌లో ర్యామ్ టైమింగ్స్ పేజీకి వెళ్లి కమాండ్ రేట్‌ని ఆటో నుంచి 2కి మార్చాను. మిగతా అంకెలు ఏవీ ముట్టుకోలేదు, వోల్టేజీ పెంచలేదు. మూడు స్టిక్కులూ వాటి వాటి చోట్లలో పెట్టి, రాత్రి పడుకునే ముందు మెమ్‌టెస్ట్ మొదలుపెట్టాను. తెల్లారి చూస్తే పాస్‌లు వరసగా అయిపోతున్నాయి, తప్పులు సున్నా. కమాండ్ రేట్ 2 చేస్తే స్పీడ్ కాస్త తగ్గుతుంది, కొలిస్తే కనిపిస్తుంది. ఆటలో నాకు కనిపించలేదు.

ఇక ఊరు తెరిచాను. లోడింగ్ టైమ్ సగానికి పైగా తగ్గింది. ఆట ఒక్కటే 10 జీబీ దాటి తీసుకుంది, అంటే ఇంతకుముందు ఎంత సరుకు డిస్క్ మీద మూలుగుతూ ఉండేదో చూడండి. కెమెరా పోర్టు వైపు తిప్పితే క్రేన్లు అప్పటికే అక్కడ ఉన్నాయి. డిస్క్ లైటు ఎప్పుడో ఒకసారి మిణుకుమంటోంది, అంతే. ర్యాంపు నేను గీసినచోటే పడుతోంది. ఫ్రేమ్ రేట్ (సెకనుకి ఎన్ని బొమ్మలు కనిపిస్తాయన్న లెక్క) పెరిగిందా అంటే, పెద్దగా లేదు. ఊరు పెరిగేకొద్దీ జనం కదలికలు లెక్కపెట్టేది ప్రాసెసర్, అది నాలుగు కోర్ల పాతది. కార్డుకి ఉన్నది 2 జీబీ సొంత మెమరీ. ర్యామ్ వేస్తే వీటి పని ఇది చేయదు. మధ్య మధ్య ఆగిపోవడం పోయింది, నాకు కావలసింది అదే.

ఇది ప్రతి కంప్యూటర్‌కీ వర్తించదని చెప్పడం నా బాధ్యత. డీడీఆర్3 నెమ్మదైనది, అందుకే కలగలుపుని తట్టుకుంటుంది. డీడీఆర్4 వాడే ఏఎండీ రైజెన్ ప్రాసెసర్ కంప్యూటర్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని పెంచిన స్పీడ్‌లో నడిపే రెడీమేడ్ సెట్టింగు) పెట్టుకుని 3200లో నడుస్తున్న జత పక్కన ఏదో ఒకటి గుచ్చితే స్పీడ్ 2400కో 2133కో జారిపోవచ్చు. అక్కడ ప్రాసెసర్ లోపలి అనుసంధానం కూడా ర్యామ్ క్లాకుతోనే ముడిపడి ఉంటుంది కాబట్టి దెబ్బ పెద్దది. డీడీఆర్5లో నాలుగు స్టిక్కులు పెడితేనే స్పీడ్ బాగా తగ్గుతుంది, కలగలుపు మాట అటుంచండి. గ్రాఫిక్స్ కార్డు లేకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తో ఆడేవాళ్లకి ర్యామ్ స్పీడ్, డ్యూయల్ ఛానెల్ రెండూ ప్రాణం. వాళ్లు మొత్తాలు సమానంగా ఉండేలా తప్పక చూసుకోవాలి. ఇంటెల్ ఆరో తరం బోర్డుల్లో డీడీఆర్3 స్లాట్లు ఉన్నవి కొన్ని వచ్చాయి. వాటికి 1.35 వోల్టుల పీసీ3ఎల్ మాత్రమే వాడండి, 1.5 వోల్టులది ఆ ప్రాసెసర్‌కి మంచిది కాదు. మా నాలుగో తరం బోర్డులో అయితే పీసీ3ఎల్ కూడా 1.5 వోల్టుల దగ్గర బాగానే నడుస్తుంది, కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో అది దొరికినా తీసుకోవచ్చు. ఇక రకాలు కలిపినప్పుడు ఎక్స్‌ఎంపీ జోలికి పోకండి. ఆ ప్రొఫైల్ ఒక స్టిక్ సొంత లెక్క, పక్కదానికి అది తెలియదు.

నాకింకా ఒక స్లాట్ ఖాళీగా ఉంది, బీ వైపు. అందులో ఇంకేదైనా వేస్తే అటూ ఇటూ ఉన్న సమానం చెడుతుంది. అందుకని దాన్ని అలాగే వదిలేస్తున్నాను. తర్వాత ఎప్పుడైనా కావాలంటే 4 జీబీలు రెండూ తీసేసి, నాలుగు స్లాట్లలోనూ 8 జీబీవే ఉండేలా వేస్తాను. ముందు హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ (తిరిగే ప్లేటు లేని డిస్క్) కొనాలి.

మార్చవలసింది ఇంకొకటుంది, బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ. 2015 నుంచి అదే ఉంది. అది అయిపోయిన రోజున బయోస్ సెట్టింగులన్నీ మొదటికి వెళ్తాయి, కమాండ్ రేట్ మళ్లీ ఆటోకి వెళ్తుంది, ఆ ఎర్ర గీతల తప్పులు ఏ హెచ్చరికా లేకుండా ఆటలోకి వస్తాయి. అందుకే స్లాట్ల వరస, కమాండ్ రేట్ 2 అని ఒక చీటీ మీద రాసి క్యాబినెట్ డోర్ లోపలి వైపు అంటించాను. మీరూ ఇలా కలిపి వాడుతుంటే, కంప్యూటర్ ఆన్ చేయగానే గడియారం తప్పు టైమ్ చూపిస్తే, ఆట తెరవకుండా ముందు బయోస్‌లోకి వెళ్లండి.